నగరం పక్క పల్లెలో ప్రశాంతత

ప్రశ్న: మేము పెద్ద నగరంలో నివసిస్తున్నాము. ఒక ఆదివారం పిల్లలతో కలిసి దగ్గరలోని పల్లెకు వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చాము. ఎండ, వాహనాల రొద తప్ప మాకు అక్కడ వేరే అనుభవం కలగలేదు. మళ్లీ వెళ్లాలంటే ఎలాంటి ఊరిని ఎంచుకోవాలి? ఊరివారికి ఇబ్బంది కలగకుండా ఎలా మెలగాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: ఊరు నగరానికి ఎంత దూరమన్నది తర్వాత సంగతి, పెద్ద రహదారికి ఎంత ఎడంగా ఉందో ముందు చూడండి. పగలు నేల వేడిగా ఉన్నప్పుడు శబ్దం పైకి వంగిపోతుంది. రాత్రి నేల చల్లబడి, దానిని ఆనుకున్న గాలి కంటే పైనున్న గాలి వెచ్చగా మిగిలినప్పుడు, అదే శబ్దం కిందికి వంగి చాలా దూరం వినిపిస్తుంది. అందువల్ల మధ్యాహ్నం ప్రశాంతంగా తోచిన ఊరిలో తెల్లవారుజామున లారీల హోరు స్పష్టంగా వినబడవచ్చు. ఒకటి రెండు వరుసల చెట్లు రహదారిని కంటికి మరుగుపరుస్తాయి గాని, చప్పుడును పెద్దగా ఆపలేవు. మధ్యలో గుట్ట అడ్డుగా ఉన్న ఊరైతే నిజంగా మేలు. రాత్రివేళ ఇళ్ల బయట శబ్దం 40 డెసిబెల్స్‌ను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2009లో సూచించింది. నగరవాసులలో చాలామందికి అంతటి నిశ్శబ్దం అనుభవంలోనే లేదు.

ఇక, వీలైతే పనిరోజున వెళ్లి, అనుమతి తీసుకుని ఒక రాత్రి అక్కడే ఉండండి. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను, ఎందుకంటే పల్లెకూ నగరానికీ ఉన్న తేడా పగటికంటే రాత్రే బాగా తెలుస్తుంది. లండన్ నగరం చుట్టుపక్కల పల్లెల కంటే ముఖ్యంగా రాత్రిపూట వెచ్చగా ఉంటుందని ఆంగ్ల వాతావరణ పరిశీలకుడు ల్యూక్ హోవర్డ్ 19వ శతాబ్దం తొలినాళ్లలోనే కొలిచి చూపారు. చీకటి పడ్డాక ఫోను పక్కనపెట్టి ఆరుబయట కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి తెర వెలిగించినా మళ్లీ మొదటికి వస్తుంది. నగరం వైపు ఆకాశం తెల్లబారి ఉంటుంది కాబట్టి, అమావాస్యకు దగ్గరి రోజుల్లో రెండో వైపు చూడమని పిల్లలకు చెప్పండి.

ఊరివారి విషయంలో ముఖ్యమైనది ఒకటే: అది వారు బతికే చోటు, మన కోసం అమర్చిన ప్రదర్శన కాదు. మనుషులనైనా, ఇళ్లనైనా అడగకుండా ఫొటో తీయవద్దు. పనిలో ఉన్నవారిని నిలబెట్టి ప్రశ్నలు వేయకుండా, వారికి తీరిక దొరికాక మాట్లాడండి. పైరులోకి దిగవద్దు. మీ చెత్తను మీరే వెనక్కు తీసుకువెళ్లండి. చిన్న ఊళ్లలో దానిని ఎత్తుకుపోయే ఏర్పాటు చాలాచోట్ల ఉండదు. కారును ఊరి మొదట్లోనే, బండ్లకూ పశువులకూ అడ్డం రాని చోట నిలిపి, లోపలికి నడిచి వెళ్లండి.