తోడుకున్నాకే చేపలు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఫోటో చూశానమ్మలూ, ట్యాంకు బాగుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అన్నావు కాబట్టి గులకరాళ్లు పోగా 50 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. ఈ ఆదివారమే చేపలు తెచ్చేస్తామన్నావు చూడు, అదొక్కటీ ఆపు. ఫోన్లో చెబుదామంటే సగంలో మీవాడు లాక్కుంటాడు. అందుకే ఈ ఉత్తరం.

నీళ్లు తేటగా ఉన్నాయి కదా అంటావు. నేనూ అలాగే అనుకున్నాను. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేరిన కొత్తలో బరంపురం వెళ్లి ఆరు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చి, ఆ సాయంత్రమే తొట్టిలో వదిలేశాను. ఐదో రోజు పొద్దున్న ఆరూ పైకి తేలి నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి. మొప్పలు ఎర్రగా కమిలిపోయాయి. నీళ్లు మాత్రం అప్పుడూ తేటగానే ఉన్నాయి. అమ్మినాయన నీలం మందు వెయ్యమంటే అదీ వేశాను. వారం తిరక్కుండా తొట్టి ఖాళీ. రోజంతా అమ్మోనియా సీసాలు అందించే మనిషిని, నా తొట్టిలో ఉన్నదీ అదేనని తట్టలేదు.

చేప మొప్పల నుంచే అమ్మోనియా వదులుతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఆ నైట్రైటూ విషమే. చేప రక్తాన్ని ఆక్సిజన్ మొయ్యనివ్వదు. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. అది కాస్త పేరుకున్నా చేపలు ఓర్చుకుంటాయి, వారం వారం కొంత నీళ్లు మారిస్తే తగ్గిపోతుంది. ఆ రెండో రకం నైట్రోబాక్టర్ అని మేం చదువుకున్నాం. మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేసేది నైట్రోస్పైరా అని 1998లో హోవనెక్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది. సీసాల్లో అమ్మే బాక్టీరియా మీద ఇప్పటికీ పాత పేరే కనిపిస్తే నేను డబ్బు పెట్టను.

ఈ బాక్టీరియా నీళ్లలో ఉండేది తక్కువ. ఫిల్టర్ స్పాంజినీ గులకరాళ్లనీ అంటిపెట్టుకుని ఉంటుంది. కొత్త ట్యాంకు అంటే తోడు వెయ్యని పాలు. ఆ తోడు నేను పంపుతున్నాను. శనివారం మీ అత్తయ్య రాయగడలో రైలెక్కుతుంది. ఆవిడ సంచిలో నా ట్యాంకు నుంచి కోసిన స్పాంజి ముక్క తడిగా, డబ్బాలో ఉంటుంది. పక్కనే మాగాయ డబ్బా కూడా ఉంటుంది, చూసి తియ్యి. ముక్కని మీ ఫిల్టర్‌లో కొత్త స్పాంజి పక్కన ఇరికించెయ్యి. ఎప్పుడూ కుళాయి కింద పెట్టి కడగకు, క్లోరిన్‌కి చచ్చిపోతుంది. మురికి పడితే ట్యాంకు నీళ్లే బకెట్లోకి తీసి, అందులో పిండు. ట్యాంకులో పోసే కుళాయి నీళ్లకి ముందే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసుకో. ఫిల్టర్ పగలూ రాత్రీ ఆడుతూనే ఉండాలి.

బాక్టీరియాకి తిండి అమ్మోనియా. కొందరు పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్లబెడతారు, పని జరుగుతుంది గానీ ఆ కంపు మీ హాల్లో ఎందుకు? నవాసారం, అంటే అమ్మోనియం క్లోరైడ్, 50 లీటర్లకి 300 మిల్లీగ్రాములు వేస్తే అమ్మోనియా రెండు పీపీఎం, అంటే లీటరుకి రెండు మిల్లీగ్రాముల దగ్గరికి వస్తుంది. కళాయి వేసేవాళ్లు వాడే బజారు సరుకు వద్దు. ల్యాబ్ రకం తూచి పొట్లాలు కట్టి పంపుతున్నాను, పిల్లాడికి అందకుండా దాచు. మొదటి రోజు ఒకటి వెయ్యి. అమ్మోనియా సున్నాకి దిగినప్పుడల్లా ఇంకొకటి.

టెస్ట్ కిట్ చుక్కల మందుది కొను, కాగితపు పట్టీలు వద్దు. నా కిట్‌లో అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. నైట్రైట్ లేకపోతే లేత నీలం, పెరిగేకొద్దీ నేరేడు పండు రసంలా అవుతుంది. మొదటిసారి ఆ నేరేడు రంగు చూసి కంగారు పడకు, సగం దారి వచ్చావన్నమాట. ఆ రంగు చాలా రోజులు కదలదు. మరీ కదలకపోతే పీహెచ్ చూడు, అంటే నీళ్ల పులుపు కొలత, ఆరు దగ్గరికి దిగితే బాక్టీరియా పని మానేస్తుంది. సగం నీళ్లు మార్చు. నైట్రేట్ కిట్‌లో రెండో సీసాని మాత్రం అర నిమిషం గట్టిగా కుదపాలి, మందు అడుగున పేరుకుంటుంది. ఏళ్ల తరబడి విద్యార్థులకి చెప్పినా కుదిపినవాళ్లు తక్కువే.

ఇంకొకటి, మీది కోరాపుట్. కొండ మీద డిసెంబరులో పెరుగే తోడుకోదని మీ అమ్మకి నువ్వే ఫోన్లో గొడవ పెట్టేదానివి, ఇదీ అంతే. చలికి బాక్టీరియా మందగిస్తుంది. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పట్టే పని మీ దగ్గర ఇంకా సాగుతుంది. 100 వాట్ల హీటర్ పెట్టి 28 డిగ్రీల దగ్గర ఉంచు. నా స్పాంజి కూడా ఉంది కాబట్టి రెండు మూడు వారాల్లో అయిపోయినా అయిపోవచ్చు. అయినా లెక్క తేదీలతో కాదు, రంగుతో. సాయంత్రం పొట్లం వేశాక, మర్నాడు అదే వేళకి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే తోడుకున్నట్టు. అప్పటికి నైట్రేట్ బాగా పేరుకుని ఉంటుంది, ముప్పావు వంతు నీళ్లు మార్చి ఒకటి రెండు రోజుల్లో చేపలు తెచ్చుకో. నాలుగు గప్పీలు చాలు. రెండు వారాలాగి ఇంకో నాలుగు. గోల్డ్‌ఫిష్‌కి ఆ ట్యాంకు ఇరుకు, మీవాడు ఏడ్చినా వద్దు.

వాడు పక్కింటి ఒడియా పిల్లల్ని పోగేసుకొచ్చి ఖాళీ ట్యాంకు చూపిస్తుంటే, వాళ్లు "మాఛొ కాహిఁ?", చేపలేవీ అని అడుగుతున్నారట. పాపం, వాడికి టెస్ట్ ట్యూబులో చుక్కలు లెక్కపెట్టే పని ఇవ్వు. మందు చేతికి అంటకుండా నువ్వు పక్కనుండు.

నైట్రైట్ పరీక్ష చేసినప్పుడు ట్యూబు వెనక తెల్ల కాగితం పెట్టి, పగటి వెలుతురులో ఫోటో తీసి పంపు. ట్యూబ్‌లైటు కింద తీస్తే నాకు రంగు పోల్చుకోవడం కుదరదు.

మీ మావయ్య
రాయగడ