గెడ్డ ఎక్కడుందో ముందు చూడు

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన పార్కు ప్లాను రెండు రోజులుగా నా బల్ల మీదే ఉంది. నడకదారి, పిల్లల ఊయలలు, ఫౌంటెన్ అన్నీ ముచ్చటగా గీశావు. కానీ ఆ కాగితంలో గెడ్డ, అదే కొండవాగు, ఎక్కడా కనపడలేదు. మన విశాఖ కొండలకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు. కొండ మీద పడ్డ వాన ఎటో ఒకవైపు దిగాల్సిందే. నీ స్థలం ప్రహరీ అవతల ఉన్నదాన్ని ఇప్పుడు అందరూ మురుగుకాలువ అంటున్నారు. నాకు ఊహ తెలిసేనాటికి అది గెడ్డ, అందులో స్నానాలు చేసేవాళ్లం.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అందుకే కురిస్తే ఒక్కసారిగా కుమ్మరిస్తోంది. ఫౌంటెన్ తీసెయ్యమ్మా. గెడ్డ వైపు ఉన్న మూలను మోకాలి లోతు పల్లంగా వదిలి గడ్డి పెంచు. మామూలు రోజుల్లో పిల్లలు బంతాట ఆడుకుంటారు. వాన రోజున నీళ్లు అక్కడ నిలబడి మెల్లగా ఇంకుతాయి, కింది వీధి ఇళ్లలోకి పోవు.

ఇక చెట్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు ఇంకా చిన్నపిల్లవి. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలి కొట్టింది. మర్నాడు, నా చేతులతో దగ్గరుండి నాటించిన తురాయి చెట్ల వరస దగ్గరికి నడిచి వెళ్లాను. ఒక్కటీ నిలబడి లేదు. పడిపోయిన చెట్ల మొదళ్లు చూస్తే గుండె ఆగినంత పనైంది. పదిహేనేళ్ల చెట్టుకి వేళ్లు నర్సరీ కవరు ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. చుట్టూ సిమెంటు, కింద గట్టిమట్టి. అవి పక్కకి పాకే దారే నేను ఇవ్వలేదు. ఆ తప్పు నాది. నాలుగడుగుల అవతల, ఎవరూ నాటని తాటిచెట్లు మాత్రం మట్టలు విరిగి అలాగే నిలబడి ఉన్నాయి.

అందుకని నిలువెత్తు మొక్కలు కొనకు. ప్రారంభోత్సవం ఫొటోలో బాగుంటాయి గానీ, కవర్లో ఏళ్ల తరబడి మెలిపడ్డ వేరు మళ్లీ తిన్నగా అవదు. చిన్న మొక్క తీసుకో. చుట్టుకున్న వేళ్లను కత్తిరించి, మీటరు లోతు, మీటరు వెడల్పు గొయ్యిలో నాటించు. పాదు దగ్గరికి టైల్స్ రానివ్వకు. తొలకరి తేదీని నమ్ముకుని కార్యక్రమం పెట్టకు, ఇప్పుడు వాన మాట తప్పుతోంది. జానెడు లోతు మట్టి తడిశాకే నాటాలి.

తుఫాను తర్వాత, త్వరగా ఎదుగుతుందని ఊరంతా ఏడాకులపాల నాటారు. దసరా, దీపావళి రోజుల్లో ఆ పూల ఘాటుకి ఎంతమంది కిటికీలు మూసుకుంటున్నారో నువ్వే చూస్తున్నావు. తొందరకి దొరికిన చెట్టుని నమ్మకు. కానుగ, పొగడ, చింత, వేప కలిపి వెయ్యి. సముద్రం వైపు పున్నాగ పెట్టు, ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది. ఒకే జాతి వరసలు వద్దు. వేపలు కొమ్మ చివర్ల నుంచి ఎండిపోవడం ఈమధ్య చూశాం కదా, ఊరంతా వేపే ఉంటే ఏమయ్యేది? ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో, తుఫాన్లు రాకముందే, ఎండుకొమ్మలు తీయించడానికి డబ్బు ఎస్టిమేట్‌లోనే రాయించుకో. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

నువ్వు తూర్పు వైపు గీసిన దట్టమైన చెట్ల గోడ నాకు నచ్చలేదు. మన ఊళ్లో ఎండ కంటే ఉక్కపోతే మనిషిని కూలదోస్తుంది. మధ్యాహ్నం సముద్రం గాలి తగిలితేనే చెమట ఆరుతుంది. దాన్ని అడ్డుకుంటే నీడలో కూర్చున్నా ఊపిరాడదు. అటువైపు చెట్లు ఎడంగా, కొమ్మలు ఎత్తుగా ఉండాలి. దట్టమైన వరస పడమటి వైపు పెట్టు, మే నెల గాడ్పు అటునుంచే వస్తుంది.

మేలో ఒంటిగంటకి ఒకసారి అక్కడికి వెళ్లి కూర్చో. నువ్వు గీసిన రాతిబెంచీ మీద నిమిషం కూర్చోలేవు. ఆ వేళకి ఆటోవాళ్లు, వీధులు ఊడ్చేవాళ్లు, నాలుగిళ్లలో పని చేసుకుని నడిచి వెళ్లే ఆడవాళ్లు నీడ వెతుక్కుంటూ ఉంటారు. మన పార్కులు చాలావరకు పొద్దున వాకింగ్ వాళ్లకి తెరిచి పదింటికి తాళం వేస్తారు, మళ్లీ సాయంత్రమే తెరుస్తారు. నీడ ఎక్కువ అవసరమైన వేళకి గేటు మూసి ఉంటుంది. మధ్యాహ్నం కూడా గేటు తెరిచి ఉండాలని, పక్కనే మంచినీళ్ల కుళాయి, ఆడవాళ్లకి బాత్రూమ్ ఉండాలని ప్లానులోనే రాయి. నీ పై అధికారి కాదంటే నన్ను తీసుకెళ్లు, నేను మాట్లాడతాను.

ముందు పాత సర్వే మ్యాపు తీయించి గెడ్డ అసలు వెడల్పు ఎంతో చూడు. అది కొలిచాక ప్లాను మళ్లీ గీసి పంపు.

నీ పెదనాన్న