సందేహాలు – సమాధానాలు: బాగాలేదు కానీ నచ్చింది

సందేహం: ఉద్యోగ విరమణ తరువాత సాయంత్రాలు ఇంట్లోనే సినిమాలు చూస్తున్నాను. తెలుగా తమిళమా, పాతదా కొత్తదా అన్న పట్టింపు లేదు. చూసిన ప్రతి సినిమా గురించి ఒక నోటుపుస్తకంలో రెండు మూడు వాక్యాలు రాసుకుంటాను. మొన్న ఒక పాత జానపద చిత్రం చూసి ‘బాగాలేదు కానీ నచ్చింది’ అని రాశాను. మా అల్లుడు తెలుగు ఉపాధ్యాయుడు. అది చదివి, ‘మామా, బాగాలేనిది ఎలా నచ్చుతుంది? రెండింట్లో ఒకటి కొట్టేయండి’ అన్నాడు. నా పుస్తకంలో ‘ఫర్వాలేదు’ అన్న మాట లెక్కకు మించి ఉందని, అది మెచ్చుకోలో తీసిపారేయడమో తేల్చమని కూడా అంటున్నాడు. మచ్చుకు నా పుస్తకంలోని రెండు పుటలు పంపుతున్నాను. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: ఏదీ కొట్టేయకండి. మీ వాక్యంలో తప్పు లేదు సరికదా, తెలుగులో ఉన్న ఒక మంచి సౌకర్యాన్ని చక్కగా వాడుకున్నారు. మీ అల్లుడు గారు తర్కం పట్టుకుని వచ్చారు కాబట్టి ముందు ఆయన దారిలోనే వెళదాం.

‘బాగు’ నామవాచకం. బాగుచేయడం, బాగుపడటం, బాగు కోరడం, అన్నింట్లో ఉన్నది అదే. ‘బాగుంది’ అంటే బాగు ఉంది అని. ఎక్కడ ఉంది? సినిమాలో. చూసినవాడి ప్రసక్తి ఆ మాటలో లేనే లేదు. ఈ బాగుకు ఎదురుగా ‘ఓగు’ అని ఒక పాత మాట ఉండేది. చెడు అని దాని అర్థం. ఒంటరిగా బతకలేక అది ‘బాగోగులు’లో తలదాచుకుంది. బాగూ ఓగూ కలిసి బాగోగులు, అంటే మంచిచెడ్డలు. ఇప్పుడు ‘తల్లిదండ్రుల బాగోగులు చూసుకోవాలి’ అంటున్నప్పుడు అందులో ఒక చెడు నక్కి ఉందని ఎవరికీ తోచదు. మీ నోటుపుస్తకం అట్ట మీద ‘సినిమాల బాగోగులు’ అని రాసుకుంటే ఆ మాటకు పాత అర్థం తిరిగి వస్తుంది.

‘నచ్చింది’ సంగతి వేరు. అది ఎవరికో ఒకరికి నచ్చాలి. మీరు ‘నాకు’ అని రాయకపోయినా ఆ మాట అక్కడ ఉన్నట్టే లెక్క. తమాషా ఏమిటంటే ఆ వాక్యంలో మీరు చేసే పని ఏమీ ఉండదు. క్రియ మీ మాట వినదు, నచ్చినదాని మాట వింటుంది. పాట నచ్చింది, పాటలు నచ్చాయి, ప్రతినాయకుడు నచ్చాడు. మీరు ఒక ‘కు’ తగిలించుకుని పక్కన కూర్చుని ఉంటారు. ఎవరైనా ‘నేను ఈ సినిమాకు నచ్చాను’ అంటే, సినిమాయే ఆయనను ఎగాదిగా చూసి మెచ్చుకుందని అనుకోవాలి.

ఆ మాటకొస్తే సినిమా చూసేవాడి అనుభవమంతా తెలుగులో ఈ ‘కు’ మీదనే నడుస్తుంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, భయం వేసింది, జాలి కలిగింది, విసుగు పుట్టింది, చివరికి నిద్ర పట్టింది. మీరు పంపిన రెండు పుటల్లో ఇవన్నీ ఉన్నాయి, నిద్రతో సహా. వచ్చేవీ వేసేవీ పుట్టేవీ పట్టేవీ అవే, మనం ఊరికే ఉంటాం. (బడిలో వల్లె వేయించే విభక్తుల వరుసలో ‘కిన్, కున్’ షష్ఠిలో ఉంటాయి. మీ అల్లుడు గారు అలవాటుగా చతుర్థి అనబోతే, కొఱకున్, కై అన్నవే చతుర్థి అని మెల్లగా గుర్తు చేయండి. మామగారికి ఆ మాత్రం అవకాశం దొరకాలి కదా.)

ఈ రెండు మాటలూ ఒకటి కావని తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. ‘సినిమా నాకు నచ్చలేదు’ అనండి. బాగానే ఉంది. ఇప్పుడు నచ్చలేదు తీసేసి ‘నాకు బాగాలేదు’ అనండి. సినిమా పోయి ఒంట్లో నలత వచ్చింది! ఇంటింటా ఫోన్లు లేని రోజుల్లో మా బంధువు ఒకాయన తిరుపతిలో రెండో ఆట చూసి, మరునాడు చిత్తూరుకు కార్డు రాశాడు: ‘నిన్న సినిమాకు వెళ్లాను. నాకు అసలు బాగాలేదు.’ కార్డు అందిన రోజే ఇద్దరు మేనత్తలు బత్తాయిల సంచీతో తిరుపతి బస్సెక్కారు. ఈయన ఆ వేళకు మళ్లీ సినిమాకు వెళ్లి ఉన్నాడు. అత్తలు ఇంటి మెట్ల మీద కూర్చుని ఎదురుచూశారు.

వాళ్లు వచ్చింది పరామర్శకు, ఆయన రాసింది విమర్శ. ఈ రెండింటికీ సంస్కృతంలో ధాతువు ఒకటే, ‘మృశ్’. తాకడం, తడమడం దాని అర్థం. విమర్శ అంటే ఒక విషయాన్ని అన్ని వైపులా తడిమి ఆలోచించడం. తెలుగులో దానికి తప్పులెన్నడం అన్న వాసన అంటుకుంది. పరామర్శ ఏమో జ్వరం వచ్చినవాడి ఇంటికి, చావు జరిగిన ఇంటికి వెళ్లిపోయింది.

ఇక ‘నచ్చు’ దగ్గర కాస్త ఆగుదాం, అసలు సారం అక్కడే ఉంది. వెనుకటి తెలుగులో నచ్చడానికి నమ్మడం అన్న అర్థం కూడా ఉంది. నచ్చిక అంటే నమ్మకం. ఇప్పటికీ ‘నచ్చజెప్పడం’ అంటున్నాం. ఎదుటివాడికి ఇంపుగా చెప్పడం కాదది, నమ్మి ఒప్పుకునేలా చెప్పడం. కన్నడంలో నచ్చు, నెచ్చు అనే రూపాలకు నమ్ముకోవడం అన్న అర్థం ఉంది. అక్కడ అభిమాన నటుణ్ణి ‘నెచ్చిన నట’ అంటారు. పాత తమిళంలో ఇదే ధాతువుకు కోరుకోవడం, ఇష్టపడటం అని అర్థం. మూడు భాషలూ ఒకచోట కలిసే జిల్లా కాబట్టి చిత్తూరు వాళ్లకు ఇవి చెప్పడం సులువు. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో కుప్పంలో పెట్టింది ఊరికే కాదు.

ఇప్పుడు ఆ జానపద చిత్రం గురించి మీరు రాసుకున్నది పూర్తిగా చూడండి: ‘కోట గోడ గాలికి ఊగింది. రాజకుమారుడి మీసం ఒక్కో సన్నివేశంలో ఒక్కో రకం. గుర్రం మాత్రం శ్రద్ధగా నటించింది. మొత్తం మీద బాగాలేదు కానీ నచ్చింది.’ గోడ ఊగడం, మీసం మారడం బాగుకు సంబంధించిన లెక్కలు. అవి ఎవరు చూసినా కనిపిస్తాయి. మీ అల్లుడు గారూ నేనూ మీ పక్కన కూర్చున్నా అవే లెక్కపెట్టేవాళ్లం. అయినా రాజకుమారుడు ఆ అట్ట గోడ ఎక్కుతున్నప్పుడు మీరు ఊపిరి బిగబట్టే ఉంటారు. గోడను కాదు, గోడ ఎక్కేవాణ్ణి మీరు నమ్మారు. నచ్చడంలోని పాత అర్థం మీ చేత ఆ వాక్యం రాయించిందని నా ఊహ. వ్యుత్పత్తి మీద మోజుతో కాస్త ఎక్కువ చెబుతున్నానేమో కూడా.

తమిళ సినిమాలు కూడా చూస్తారు కాబట్టి ఒక హెచ్చరిక. నచ్చింది అనడానికి తమిళంలో ‘పిడి’ అన్న క్రియ వాడతారు, కన్నడంలో ‘హిడిసితు’ అనడం ఉంది. రెండూ పట్టుకోవడానికి సంబంధించినవే. వాళ్లూ మనలాగే ‘నాకు’తోనే చెబుతారు. అలాగని దాన్ని మాటకు మాటగా తెచ్చుకుంటే కొంప మునుగుతుంది. ‘నాకు పట్టలేదు’ అంటే తెలుగులో నేను లెక్కచేయలేదని అర్థం. ‘మనసుకు పట్టింది’ అంటే మాత్రం నడుస్తుంది.

మీ వాక్యంలో మరొక నేర్పు ఉంది. ‘బాగాలేదు కానీ నచ్చింది’ అని మొదటి పుటలో రాశారు. రెండో పుటలో మరొక చిత్రం గురించి ‘నచ్చింది కానీ బాగాలేదు’ అన్నారు. మాటలు అవే, తీర్పులు వేరు. తెలుగు వాక్యంలో బరువు చివరికి చేరుతుంది. ‘కానీ’ తరువాత వచ్చేదే నిలుస్తుంది. మొదటి సినిమాను క్షమించారు. రెండోదాన్ని, పాపం, నచ్చి కూడా వదిలిపెట్టలేదు.

బాగాలేదు, బాగులేదు, బాగోలేదు అని మూడు రకాలుగానూ రాశారు. మూడూ వాడుకలో ఉన్నవే, ఏదీ తప్పు కాదు. ‘బాగుండదు’ను మాత్రం వీటితో కలపకండి. ‘పెళ్లికి వెళ్లకపోతే బాగుండదు’ అన్నప్పుడు అది మర్యాదకు సంబంధించిన మాట. పెళ్లిలో వీడియో వేసి కూర్చోబెట్టినప్పుడు మధ్యలో లేచి వెళ్లడం కూడా బాగుండదు. అది ఎంత బాగాలేకపోయినా సరే.

ఇక ‘ఫర్వాలేదు’. నేను లెక్కపెట్టాను, రెండు పుటల్లో పదకొండు సార్లు ఉంది. ముందు వర్ణక్రమం చూద్దాం. ఇది పారసీ ‘పర్వా’ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. చింత, లక్ష్యపెట్టడం అని అర్థం. మూలంలో ఉన్నది ‘ప’. ఫిర్యాదు, ఫైసలా లాంటి మాటల్లో ‘ఫ’ న్యాయంగా ఉంది. దాన్ని చూసి ఉర్దూ మాటలన్నింటికీ అది ఉంటేనే గౌరవం అనుకున్నవాళ్లు దీనికీ తగిలించారు. నేను ‘పరవాలేదు’ అని రాస్తాను. మీరు ఫ రాస్తే ఎవరూ కేసు పెట్టరు. తమిళంలో ‘పరవాయిల్లై’, కన్నడంలో ‘పరవాగిల్ల’ అంటారు. ఒక పారసీ మాట తెచ్చుకుని దక్షిణాది వాళ్లం ఎవరి ‘లేదు’ వాళ్లం తగిలించుకున్నాం.

అది మెచ్చుకోలా, తీసిపారేయడమా అంటే, ముందు ఏమనుకుని కూర్చున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. మాట అర్థం ‘చింత లేదు’ అనే కదా. చింతే లేనివాడు ఆ మాట ఎందుకంటాడు? కాలు తొక్కినవాడు క్షమించమంటే పరవాలేదంటాం, అప్పటికి కాలు నొప్పిగానే ఉంటుంది. సినిమా ఘోరంగా ఉంటుందని భయపడి, ఉండకపోతే ‘పరవాలేదు’ అంటాం, అది ఊరట. గొప్పగా ఉంటుందని ఆశపడి అదే మాట అంటే అది నిట్టూర్పు. కాబట్టి ఒట్టి పరవాలేదు చదివి మీ అల్లుడు గారు ఏమీ తేల్చలేరు. ‘అనుకున్నదాని కంటే పరవాలేదు’ అని ఒక చోట రాశారే, అలా రాయండి. అందరిలోకీ నాకు నచ్చినది మాత్రం ఇది: ‘మొదటి గంట ఫర్వాలేదు. తరువాత కరెంటు పోయింది. అదీ ఫర్వాలేదు.’ ఇంతకంటే పొదుపైన సమీక్ష నేను చదవలేదు.

‘ఒట్టి కాలక్షేపం సినిమా’ అని ఒకదాన్ని తేల్చేశారు. తప్పు పట్టను కానీ, తిరుపతిలో ఉండి ఆ మాటను ఒట్టిది అనడం చూస్తే కొంచెం జాలి వేసింది. శ్రీవైష్ణవ సంప్రదాయంలో గురువు దగ్గర కూర్చుని గ్రంథాన్ని పంక్తి పంక్తిగా పాఠం చెప్పించుకోవడాన్ని గ్రంథకాలక్షేపం అంటారు. హరికథా కాలక్షేపం సరే సరి. కాలాన్ని గడపడం అన్నదే అర్థం, దేనితో గడిపామన్నదే తేడా.

‘నిన్న మా ఇంట్లో ఆ సినిమా ఆడింది’ అన్న వాక్యాన్ని దిద్దాలి. సినిమా ఆడటం నాటకం నుంచి వచ్చిన మాట. నాటకాల నుంచి సినిమాకు వెళ్లింది చిత్తూరు నాగయ్య గారి వంటి నటులే కాదు, ఆట, ఆడటం, రక్తికట్టడం లాంటి మాటలు కూడా. తోలుబొమ్మలాటలో ఉన్న ఆటే మొదటి ఆట, రెండో ఆటల్లోనూ ఉంది. ఆడటానికి టికెట్టు కొన్న జనం కావాలి. మీరూ మీ ఆవిడా కూర్చుని చూసినదాన్ని ‘పెట్టుకుని చూశాం’ అనండి. మూడు రాత్రులు ఆపి ఆపి చూసి ముగించినదాన్ని ‘చూసేశాం’ అన్నారు. అది సరిగ్గా కుదిరింది. పని పూర్తయిందన్న ఊపిరి ఆ ‘ఏశాం’లో ఉంది.

చూడని సినిమా గురించి ‘బాగుందట’ అని రాశారు. ఆ ‘ట’ను వదలకండి. వినికిడి మాటకు తెలుగు వేసే ముద్ర అది. ఈ రోజుల్లో చూడనివాళ్లే దాన్ని ఎక్కువగా మింగేస్తున్నారు.

చివరిగా ఒకటి. రెండో పుట అడుగున ‘సగం చూసి నిద్రపోయాను. బాగుంది’ అని ఉంది. బాగున్నది సినిమానో నిద్రో తెలియడం లేదు. సినిమా అయితే ‘చూసినంతలో బాగుంది’ అని దిద్దుకోండి. నిద్ర అయితే అలాగే ఉంచండి.