యాక్సిలరేటర్ తొక్కగానే స్టీరింగ్ లాగేస్తోందా?

ఈసారి ఫోన్ల ప్రశ్నలు పక్కన పెట్టాను. మూడు నెలలుగా ఒకే ఫిర్యాదు రకరకాల ఊళ్ల నుంచి వస్తోంది, అందరూ దానికి సాఫ్ట్‌వేర్ మందే అడుగుతున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న (విజయవాడ నుంచి): నాది ఒకటిన్నర లీటర్ టర్బో పెట్రోల్ సెడాన్. కంపెనీ లెక్క పవర్ 150 పీఎస్, టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 250 ఎన్ఎం. ఈమధ్యే స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెంచేందుకు ఇంజిన్ కంప్యూటర్‌లో వేరే ఫైల్ ఎక్కించడం) చేయించాను. అప్పటినుంచి సెకండ్ గేర్‌లో గట్టిగా తొక్కితే స్టీరింగ్ కుడికి గుంజుతోంది, వానలో ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా లాభం లేదు. దీన్ని సరిచేసే ఇంకో ఫైల్ ఉందంటున్నారు, వేయించమంటారా?

జవాబు: వేయించకండి. ముందు ఇప్పుడున్న ఫైల్ తీయించి కంపెనీ ఫైల్ తిరిగి ఎక్కించండి, మిగతాది ఆ తర్వాత చూద్దాం.

మీరు చెప్పేదాన్ని టార్క్ స్టీర్ అంటారు, అలైన్‌మెంట్‌తో పోయేది కాదు. 1964లో ఇటలీ ఇంజినీర్ డాంటే జియాకోసా ఆటోబియాంకి ప్రిములా కారులో ఇంజిన్‌ని అడ్డంగా పెట్టి, దాని చివర గేర్‌బాక్స్ తగిలించాడు. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లన్నీ దాదాపు అదే పద్ధతి. దీంతో డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల పెట్టె) నడిమధ్యన కాకుండా ఒక పక్కకి జరుగుతుంది, ఒక డ్రైవ్‌షాఫ్ట్ (అక్కడినుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) పొట్టిగా, ఇంకోటి పొడుగ్గా వస్తుంది. పొడుగుది మెలి తిరుగుతుంది కాబట్టి కారు లాగుతుందని చాలామంది చెబుతారు కానీ అసలు గొడవ కోణాలది. గట్టిగా తొక్కినప్పుడు కారు ముక్కు పైకి లేస్తుంది, రెండు షాఫ్ట్‌ల చివర ఉన్న సీవీ జాయింట్‌లు (వంగినా తిరిగే కీళ్లు) వేర్వేరు కోణాల్లోకి వంగుతాయి, దాంతో కుడి చక్రాన్ని పక్కకి తిప్పే బలం, ఎడమ చక్రాన్ని తిప్పే బలం సమానంగా ఉండవు. ఆ తేడానే మీ చేతికి తగులుతోంది.

ఇది తెలిసే కంపెనీలు చాలా టర్బో కార్లలో ఫస్ట్, సెకండ్ గేర్లలో టార్క్‌ని కావాలనే తగ్గించి పెడతాయి. రీమ్యాప్ చేసేవాళ్లు మొదట తీసేది చాలాసార్లు ఆ కట్టడినే, ఎందుకంటే కస్టమర్‌కి పికప్ తేడా వెంటనే తెలిసేది అక్కడే. సెకండ్ గేర్‌లోనే మీకు ఇబ్బంది మొదలైందంటే నాకు అనుమానం అక్కడే.

నిజంగా ముందు చక్రాలకే ఎక్కువ పవర్ ఇవ్వాలనుకున్నవాళ్లు ఏం చేశారో చూడండి. 2009 ఫోర్డ్ ఫోకస్ ఆర్ఎస్‌లో 305 పీఎస్ మొత్తం ముందుకే వెళ్లేది. దానికోసం సస్పెన్షన్ నకుల్‌నే (చక్రాన్ని పట్టి ఉంచే భాగం) రెండు ముక్కలుగా మార్చి, స్టీరింగ్ తిరిగే ఇరుసుని చక్రం మధ్యకి దగ్గరగా తెచ్చారు, పైగా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (బలమంతా జారే చక్రానికే పోకుండా ఆపేది) పెట్టారు. 2017 హోండా సివిక్ టైప్ ఆర్‌లోనూ అదే దారి. ఇరుసుకీ చక్రం మధ్యకీ ఎంత దూరం ఉంటే, ఇంజిన్ లాగుడుకి అంత పొడవు గడ్డపార దొరికినట్టు. దాన్ని ఇనుముతో తగ్గించాలి. ఏ ఫైలూ ఆ దూరాన్ని తగ్గించలేదు, పవర్ తగ్గించగలదు అంతే.

ఆ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఒక్కటీ వేయిస్తే చాలా అని అడిగేవాళ్లకి: పట్టు బాగా పెరుగుతుంది కానీ ఒక చక్రం తడి మీద, ఒకటి పొడి మీద ఉన్నప్పుడు స్టీరింగ్ గుంజుడు ఇంకా పెరగొచ్చు.

కంపెనీ ఫైల్ వేశాక కూడా లాగితే ఇలా చూడండి. మన రోడ్లు ఎడమకి వాలి ఉంటాయి కాబట్టి చదునైన ఖాళీ జాగా వెతకండి. ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు కూడా ఒక పక్కకి పోతుంటే టైర్లు, అలైన్‌మెంట్. బ్రేక్ వేస్తేనే పోతుంటే క్యాలిపర్. తొక్కినప్పుడు ఒక పక్కకి, వదలగానే రెండో పక్కకి పోతుంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఇంజిన్ మౌంటింగ్‌లు చూపించండి. పంక్చర్ తర్వాత ముందు టైర్ ఒక్కటే మార్చారా అన్నది కూడా గుర్తు తెచ్చుకోండి. కుడివైపు కొత్తది, ఎడమవైపు అరిగింది ఉంటే మంచి కారు కూడా లాగుతుంది. గాలి రెండు వైపులా సమానంగా ఉందో లేదో చల్లటి టైర్ల మీద చూడాలి, ముప్పై కిలోమీటర్లు నడిపాక కాదు.

వర్షంలో ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారితే పవర్ తగ్గించే ఏర్పాటు) ఆఫ్ చేసి నడుపుతున్నానని కూడా రాశారు, "అది పవర్ కట్ చేస్తోంది" కాబట్టి. దయచేసి ఆపండి. స్పీడ్ పెంచేటప్పుడు బరువు వెనక్కి పోయి ముందు చక్రాలు తేలికవుతాయి. లాగడం, తిప్పడం రెండూ ఆ తేలికైన చక్రాలే చేయాలి. కిందటి జూలైలో ఒక మిత్రుడి ట్యూన్ చేసిన కారులో పక్క సీట్లో కూర్చున్నాను, ఔటర్ రింగ్ రోడ్ సర్వీస్ రోడ్డు, అప్పుడే చినుకులు పడి ఆగాయి. మలుపు తిరుగుతూ తొక్కాడు. ఎడమ టైర్ రోడ్డు అంచున కొట్టుకొచ్చిన ఇసుక మీదికి వెళ్లింది, స్టీరింగ్ ఒక్కసారిగా అతని బొటనవేలిని తిప్పేసింది, కారు నేరుగా డివైడర్ వైపు. కాలు తీశాడు కాబట్టి బతికాం. వేలు వారం రోజులు వాచి ఉంది.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): ఓబీడీ పోర్ట్‌కి (మెకానిక్‌లు కారు లోపాలు చూసే సాకెట్) పెట్టే బ్లూటూత్ ట్యూనింగ్ డాంగిల్ ఆన్‌లైన్‌లో కొన్నాను. పికప్ పెరుగుతుంది, వీల్ స్పిన్ తగ్గుతుంది అని రాసి ఉంది. ఎప్పుడూ పెట్టే ఉంచవచ్చా?

జవాబు: ఇవాళే తీసేయండి. నన్ను టార్క్ స్టీర్ కంటే ఎక్కువ టెన్షన్ పెడుతున్నది ఇదే.

ఇలాంటివాటిని విప్పి చూస్తే లైట్లు మినుకు మినుకుమనిపించే చిప్ తప్ప ఏమీ దొరకని రకాలున్నాయి. ఆ రకం అయితే పోయేది డబ్బే. నిజంగా కారుతో మాట్లాడే రకం అయితేనే ప్రమాదం. ఆ పోర్ట్ వెనక ఉన్నది క్యాన్ బస్, ఇంజిన్, బ్రేకులు, స్టీరింగ్ కంప్యూటర్లు మాట్లాడుకునే తీగ. 1980లలో దాన్ని తయారు చేసినప్పుడు సందేశం ఎవరు పంపారో నిర్ధారించుకునే ఏర్పాటు పెట్టలేదు. కొత్త కార్లు కొన్నింటిలో మధ్యలో గేట్‌వే కాపలా పెడుతున్నారు, చాలా కార్లలో లేదు. మీ డాంగిల్‌కి పిన్ 1234 అయి ఉంటుంది, కొన్నింటికి అదీ ఉండదు. సిగ్నల్ దగ్గర పక్క బండిలో ఉన్నవాడికి అది చాలు.

ఊహించి చెబుతున్నది కాదు. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఒక కార్వెట్ కారుకి తగిలించిన డాంగిల్‌కి ఎస్ఎంఎస్‌లు పంపి వైపర్లు తిప్పారు, తక్కువ వేగంలో బ్రేకులు వేశారు, బ్రేకులు పడకుండానూ చేశారు. అదే ఏడాది సెక్యూరిటీ పరిశోధకులు చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ ఒక జీప్ చెరోకీని దూరం నుంచే ఇంటర్నెట్ ద్వారా అదుపులోకి తీసుకున్నాక అమెరికాలో 14 లక్షల వాహనాలు రీకాల్ అయ్యాయి.

రీమ్యాప్ ఫైళ్లకీ ఇదే భయం. ఎవరో ఎక్కడో తయారు చేసిన ఫైల్, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ నుంచి మీ కారులోకి పోతోంది. లోపం వచ్చినా వార్నింగ్ లైట్ వెలగకుండా కోడ్‌లు ఆపేసే ఫైళ్లు కూడా ఉంటాయి. బ్యాంక్ ఓటీపీ సొంత తమ్ముడికి కూడా చెప్పనివాళ్లు, కుటుంబాన్ని ఎక్కించుకునే కారుని ముక్కూ మొహం తెలియని మనిషికి ఎలా అప్పగిస్తున్నారో నాకు అర్థం కావడం లేదు.

రాత్రి కారు లాక్ చేశాక డ్యాష్‌బోర్డ్ కింద చూడండి. డాంగిల్ ఎర్ర లైట్ ఇంకా వెలుగుతుంటే అది నిద్రపోవడం లేదని అర్థం. ఆ పోర్ట్‌కి బ్యాటరీ కరెంట్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. వారం ఊరెళ్లి వస్తే బండి స్టార్ట్ కాకపోవచ్చు కూడా.

ప్రశ్న (వరంగల్ నుంచి): నాది ఫ్రంట్ వీల్ డ్రైవ్ ఎలక్ట్రిక్ కారు. అప్‌డేట్ వచ్చాక తడి రోడ్డు మీద టైర్లు ఎక్కువగా జారుతున్నాయి. నా భ్రమా?

జవాబు: భ్రమ కాకపోవచ్చు. మోటార్ టార్క్ సున్నా వేగం నుంచే పూర్తిగా వస్తుంది. 2019లో మన దగ్గరికి వచ్చిన హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్ ముందు చక్రాలకి 395 ఎన్ఎం ఇచ్చేది. దాన్ని చక్రానికి ఎంత మెల్లగా అందించాలో నిర్ణయించేది సాఫ్ట్‌వేరే, ఆ లెక్క కొంచెం మారినా మీ కాలికి తెలుస్తుంది. అప్‌డేట్ నోట్స్‌లో మాత్రం "పనితీరు మెరుగుపరిచాం" అని ఒక్క ముక్క. ఫోన్‌లో ఐకాన్ రంగు మారిస్తే స్క్రీన్‌షాట్‌తో సహా చెప్పేవాళ్లు, కారు పెడల్ స్పందన మార్చినప్పుడు ఎందుకు చెప్పరు? ఇది కోపం తెప్పించే నిర్లక్ష్యం.

వానాకాలం ఈకో మోడ్‌లో నడపండి. రీజెన్ (కాలు తీస్తే మోటారే బ్రేక్‌లా పనిచేసి బ్యాటరీకి ఛార్జ్ ఇవ్వడం) కూడా తగ్గించండి, ఎందుకంటే కాలు తీయగానే అది ముందు చక్రాలనే పట్టుకుంటుంది, తడి దిగుడులో అదీ జారుడే. అప్‌డేట్ తేదీ, వెర్షన్ నంబర్ ఫోటో తీసి, పెడల్ స్పందన మార్చారా లేదా అని సర్వీస్ సెంటర్‌ని ఈమెయిల్‌లో అడగండి, నోటిమాటగా వద్దు. ఏమన్నారో నాకూ పంపండి.