గట్టు మీద నిలబడే ఉద్యోగం

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నడుం నొప్పితో పోటీలు మానేశావని, కటక్ దగ్గర జగత్‌పూర్‌లోనే పిల్లలకు రోయింగ్ (తెడ్ల పడవ పందెం) నేర్పమని అడుగుతున్నారని మీ అమ్మ చెప్పింది. ఫోన్లో అయితే ‘సరే మామయ్యా’ అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. సైన్యంలో తెడ్డు పట్టి, తరవాత చాలా ఏళ్లు కుర్రాళ్లకు నేర్పినవాణ్ణి కదా.

ఒలింపిక్స్ దాకా వెళ్లలేదు, నా మాట ఎవరు వింటారని నీకు టెన్షన్ అట. బ్రిటన్ రోవర్ స్టీవ్ రెడ్‌గ్రేవ్ సంగతి తెలుసుగా? 1984 నుంచి 2000 దాకా వరసగా అయిదు ఒలింపిక్స్, అయిదు స్వర్ణాలు. 1996లో గెలిచాక ‘మళ్లీ పడవ దగ్గర కనిపిస్తే నన్ను కాల్చెయ్యండి’ అన్నాడు. మరుసటేడు షుగర్ బయటపడింది. అయినా ఇన్సులిన్ వేసుకుంటూ సిడ్నీలో 38 ఏళ్ల వయసులో గెలిచాడు, ఇటలీ పడవ మీద 0.38 సెకన్ల తేడాతో. 2018లో చైనా రోయింగ్‌కు హై పెర్ఫార్మెన్స్ డైరెక్టరుగా వెళ్లాడు, టోక్యోలో ఆ దేశం అమ్మాయిలు క్వాడ్రపుల్ స్కల్స్‌లో (నలుగురు, ఒక్కొక్కరికి రెండు తెడ్లు) స్వర్ణం కొట్టారు. అదంతా నిజమే. కానీ అంతటి రెడ్‌గ్రేవ్‌ని చివరి ఒలింపిక్స్‌లకు తయారుచేసిన యుర్గెన్ గ్రోబ్లర్ ఒలింపిక్ విజేత కాడు, తూర్పు జర్మనీ నుంచి వచ్చిన కోచ్. పతకం పేరు చెప్తే పిల్లలు ఒక వారం వింటారు. ఆ తరవాత తమ పడవ జోరు పెరిగిందా లేదా అన్నదే చూస్తారు.

బాగా ఆడినవాడికి వేరే చిక్కు ఉంటుంది. తెడ్డు ఎప్పుడు నీళ్లలో దించాలో నీ చేతికి తెలుసు, ఎందుకో నీ నోటికి రాదు. పైగా చేతిలో మెగాఫోన్ ఉంటే నోరు ఆగదు. పిల్లవాడు ఒక్కో స్ట్రోక్‌కీ ఒక్కో తిట్టు వింటూ 2000 మీటర్లు లాగితే ఏం నేర్చుకుంటాడు? లాంచ్‌లో (మోటారు పడవలో) పక్కనే వెళ్తూ ఫోన్లో వీడియో తియ్యి, గట్టుకొచ్చాక చూపించు. రోజుకి ఒక్క తప్పే చెప్పు. సీటు ముందుకు జరిగేటప్పుడు నిదానం, కాళ్లతో నెట్టేటప్పుడు బలం. ఈ ఒక్కటి కుదరడానికే నెలలు పడుతుంది. నీ పడవలో సీటు, తెడ్లు అమర్చుకున్న కొలతలు మాత్రం వాళ్లకు పెట్టకు. నీ చేతుల పొడవు పద్నాలుగేళ్ల వాడికి ఉంటుందా?

మన గోపాల్‌పూర్ పిల్లలు వస్తే, సముద్రం మీద పెరిగారు కదా అని ఊరుకోకు. తెప్ప మీద ఎదురొచ్చే అల మీదే కళ్లు పెట్టి తెడ్డేసిన అలవాటు వాళ్లది. ఇక్కడేమో పడవ వెళ్లే వైపుకి వీపు పెట్టి కూర్చోవాలి, కింద సీటు జారుతుంది. మొదట్లో తికమక వాళ్లకే ఎక్కువ. దత్తు భోకనాల్‌ది నాసిక్ జిల్లాలో కరువు ఊరు, బావులు తవ్వినవాడు. 2012లో సైన్యంలో చేరాకే తెడ్డు పట్టి, 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో (ఒక్కడే రెండు తెడ్లతో) పదమూడో స్థానంలో నిలిచాడు. నీళ్లు ఎరగని పిల్లవాణ్ణి చూసి వద్దనకు.

ఇంకోటి. పడవల దగ్గర ఒడియాలోనే మాట్లాడు. మనవాళ్లతో తెలుగులో ఏదో అని నవ్వావంటే, మిగతా పిల్లలు తమ గురించే అనుకుంటారు. ఒక్కసారి అనుకున్నారా, ఇక ఆ జట్టు కుదరదు.

ఎర్గోమీటర్ (గట్టు మీద తెడ్డు లాగే సాధన యంత్రం) దగ్గర జాగ్రత్త. రోయింగ్‌లో ఎక్కువగా దెబ్బతినేది నడుమే, నీకు నేను చెప్పాలా! చివరి నిమిషాల్లో అలిసిపోయి వెన్ను గూని చేసి లాగినా మీటరు మీద నంబరు బాగానే వస్తుంది. ఆ నంబరుకి చప్పట్లు కొట్టే కోచ్‌లు చాలామంది ఉన్నారు, నువ్వు మాత్రం ఆపించెయ్.

పటియాలా ఎన్ఐఎస్‌లో (జాతీయ క్రీడా శిక్షణ సంస్థలో) కోచింగ్ డిప్లొమాకి దరఖాస్తు పెట్టు. ఆ కాగితం లేకపోతే ఏటేటా కాంట్రాక్టు కోసం ఎవరో ఒకరి గుమ్మం దగ్గర నిలబడాలి. జీతం ఎంత, ఎన్ని నెలలకు అన్నది రాతపూర్వకంగా తీసుకో, నోటిమాట నమ్మకు.

ఈత పరీక్ష పాస్ కాని పిల్లవాణ్ణి, వాళ్ల నాన్న వచ్చి ఎంత బతిమాలినా, పడవ ఎక్కించకు. ఆఫీసు నుంచి ఫోన్ చేయించినా సరే. దసరాకి వస్తావా రావా, అత్తయ్య అడుగుతోంది.

మీ మామయ్య