పగిలిన టైర్లకు యాప్ అప్పు వద్దు

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్లొస్తాను. జీతం 56 వేలు చేతికొస్తుంది. ఇంటి ఖర్చు 38 వేలు, సిప్ (షేర్ల మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసేది) 8 వేలు, చీటీ 5 వేలు. రెండేళ్లుగా కడుతున్న సిప్‌లో ఇప్పుడు 2,05,000 ఉంది. క్రెడిట్ కార్డు బాకీ 38 వేలుంటే నెలకు 2 వేలు మినిమం కడుతున్నాను. పాత కారు ఒకటి ఉంది, ఆదివారాలే తీస్తాం. టైర్లు 31 వేల కిలోమీటర్లే తిరిగాయి, గ్రిప్పు సగానికి పైగా ఉంది కానీ పక్కల పగుళ్లొచ్చాయి. వేసవి సెలవుల్లో పిల్లలతో తిరుపతి వెళ్లాలి. నాలుగు టైర్లూ మార్చాలని, 21 వేలవుతుందని మెకానిక్ అంటున్నాడు. మా బావమరిదేమో గ్రిప్పుంది కదా, ఇంకో ఏడాది లాగొచ్చు అంటున్నాడు. బ్యాంకులో 9 వేలే ఉన్నాయి. ఒక యాప్‌లో 25 వేల లోన్ పది నిమిషాల్లో ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా, తిరుపతి వెళ్లొచ్చాక చూద్దామా?

జవాబు: లోన్ తీసుకోవద్దు. ఆ టైర్లతో తిరుపతి వెళ్లొద్దు. మీకు జీతముంది, పొదుపుంది, క్రమం తప్పకుండా సిప్ కట్టే అలవాటూ ఉంది. అన్నీ ఉండి కూడా 21 వేల ఖర్చు వచ్చేసరికి ఫోన్‌లో అప్పు వెతుక్కుంటున్నారు. నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది చేస్తున్న తప్పే ఇది. అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను, పైన కుదించి ఇచ్చాను.

ముందు టైర్ల సంగతి, ఎందుకంటే అది ప్రాణాలతో పని. మీరు పంపిన ఫొటోలో టైరు పక్కన చివర నాలుగంకెలు కనిపిస్తున్నాయి: 3817. అంటే 2017లో 38వ వారంలో తయారైన టైరు. ఎనిమిదేళ్లు దాటింది. గ్రిప్పు ఎంత మిగిలిందన్నది అరుగుదల లెక్క. గాళ్ల అడుగున ఉండే చిన్న దిమ్మల దాకా, అంటే 1.6 మిల్లీమీటర్ల దాకా అరిగితే మార్చాల్సిందే. మీ బావమరిది చూసింది అదొక్కటే. రబ్బరు వయసు వేరే లెక్క. ఎండకీ, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్‌లకీ రబ్బరు ఏళ్ల తరబడి గట్టిపడి, సాగే గుణం పోగొట్టుకుంటుంది. దీన్ని కొంత ఆపడానికే టైరు తయారీలో ఒక రకం మైనం కలుపుతారు. చక్రం తిరిగి రబ్బరు వంగుతుంటే ఆ మైనం పైకొచ్చి పొరలా కాపాడుతుంది. వారానికోసారి తీసే కారుకి అది సరిగా జరగదు. పైగా మీది వీధిలో, ఎండలో నిలబడే కారు. గుంటూరు ఎండ గురించి మీకు నేను చెప్పాలా? తక్కువ తిరిగింది కాబట్టి టైరు బాగుంటుందని మనం అనుకుంటాం. కానీ కదలకుండా నిలబడటమే దానికి చేటు చేసింది.

పగులు కనిపించిన ప్రతి టైరూ పేలిపోదు. పైపైన వెంట్రుకలాంటి గీతలుంటే షాపులో చూపించి, గాలి సరిగ్గా పెట్టుకుని, ఓ కన్నేసి ఉంచుతూ తిరగొచ్చు. మీవి ఆ దశ దాటిపోయాయి. పగులులో గోరు అంచు దిగుతోందని మీరే రాశారు. గాళ్ల అడుగున కూడా చీలికలున్నాయి. మొన్న విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటి టైరునే ఒక కుర్రాడు విప్పుతుంటే చూశాను. స్క్రూడ్రైవర్ మొనతో పగులుని కాస్త విడదీశాడు. రబ్బరు నల్లటి పొడిలా రాలింది, లోపల దారాలు కనిపించాయి. ఆ పగుళ్లలోంచి తేమ లోపలికి దిగితే ఇనప తీగెలు తుప్పు పడతాయి, పొరల మధ్య పట్టు వదులుతుంది. నలుగురు మనుషులు, సామాను, మే నెల ఎండకి కాలే రోడ్డు, ఒంగోలు, నెల్లూరు మీదుగా గంటల తరబడి ఆపకుండా వేగం. టైరు వేడెక్కేది అక్కడే. గాలి తక్కువుంటే ఆ వేడి ఇంకా పెరుగుతుంది. ఆదివారం ఊళ్లో తిరిగినప్పుడు ఏమీ కాలేదు కాబట్టి హైవే మీదా ఏమీ కాదనుకోవద్దు.

చాలా టైర్ల కంపెనీలు ఐదేళ్లు దాటాక ఏటా చూపించమనీ, పదేళ్లయితే గ్రిప్పున్నా తీసేయమనీ చెబుతాయి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్లకే మార్చమంటాయి. నైట్రోజన్ నింపినా, పాలిష్ రాసినా పగులు మానదు. సెకండ్ హ్యాండ్ టైర్లు చవగ్గా దొరుకుతాయి కానీ వాటి గతం మనకు తెలియదు, వద్దు. రెండు మార్చి రెండు ఉంచుదామంటారేమో, నాలుగూ ఒకే వయసువి కాబట్టి ఆ మాటా కుదరదు.

ఇక అప్పు. మీరు రాసిన లెక్కే తీసుకుందాం. 25 వేల లోన్‌లో ప్రాసెసింగ్ ఫీజు 1,500, దాని మీద జీఎస్టీ 270 ముందే కోసుకుని 23,230 చేతికిస్తారు. నెలకు 2,640 చొప్పున 12 నెలలు కట్టాలి. మొత్తం 31,680. చేతికొచ్చిన డబ్బు మీద చూస్తే ఇది నెలకు వందకి ఐదు రూపాయలకు పైగా వడ్డీ! మన బజారులో ఎవరైనా ఐదు రూపాయల వడ్డీ అడిగితే మీరే లేచి వచ్చేస్తారు. అదే వడ్డీని ఫోన్ తెర మీద నెల వాయిదాగా చూపిస్తే సరేననిపిస్తోంది. పదేళ్ల నుంచి ఈ మాట చెబుతున్నా మళ్లీ మళ్లీ అవే ఉత్తరాలు రావడం నాకు బాధగా ఉంది. 38 వేల కార్డు బాకీ మీద మినిమం కడుతూ ఇంకో అప్పు నెత్తికెత్తుకుంటే, ఆగస్టులో స్కూలు ఫీజుకి మూడో అప్పు చేస్తారు. చాలా ఇళ్లలో అదే జరిగింది.

మరి డబ్బెక్కడిది? మీ దగ్గరే ఉంది. సిప్‌లోని 2,05,000 నుంచి 60 వేలు తీయండి. ముందు కొన్న యూనిట్లే (ఫండ్‌లో మీ వాటాలు) ముందు అమ్ముడవుతాయి కాబట్టి అవన్నీ ఏడాది దాటినవే. ఆ లాభం ఏడాదికి 1.25 లక్షల మినహాయింపులోపే ఉంటుంది కాబట్టి పన్ను పడదు. 21 వేలు టైర్లకి, 38 వేలు కార్డుకి. మార్కెట్లో ఉన్న డబ్బు తీయకూడదని ఎవరో చెప్పి ఉంటారు. కార్డు బాకీ మీద నెలకు మూడు నుంచి మూడున్నర శాతం కడుతూ, ఏడాదికి పన్నెండు శాతం వస్తుందని ఆశపడి సిప్ కొనసాగించడం వల్ల మీరు రోజూ నష్టపోతున్నారు. బ్యాంకులో ఉన్న 9 వేలు మాత్రం కదపొద్దు. చీటీ కూడా ఈ అవసరానికి తొందరపడి పాడొద్దు, వదులుకునే మొత్తం ఎక్కువవుతుంది.

తర్వాత పని మీకు నచ్చకపోవచ్చు. సిప్ పదకొండు నెలలు ఆపండి. ఆ 8 వేలు, కార్డుకి కట్టే 2 వేలు కలిపి నెలకు 10 వేలు వేరే ఖాతాలో వేయండి. దానికి ఏటీఎం కార్డు కూడా తీసుకోవద్దు. ఇప్పుడున్న 9 వేలతో కలిపి పదకొండు నెలల్లో 1,19,000 అవుతుంది. మీ ఇంటి మూడు నెలల ఖర్చు 1,14,000. అదే మీ అత్యవసర నిధి. అది నిండాకే సిప్ మళ్లీ మొదలుపెట్టండి. ఉద్యోగం పోతే, ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో చేరితే తీయాల్సిన డబ్బు అది, టైర్లకి కాదు. టైర్లు ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందేనని కొన్న రోజే తెలుసు. 21 వేలని 60 నెలలకు పంచితే నెలకు 350. అది వేరే డబ్బాలో వేసుకోండి. ఐదేళ్లకు టైర్లొస్తాయి, లేదంటే బ్యాటరీకో, సర్వీసింగుకో పనికొస్తుంది.

బీమా గురించి ఒక్కమాట. కారుకి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉందని రాశారు. దాంట్లో మీ కారు దెబ్బతింటే పైసా రాదు. సమగ్ర పాలసీ ఉన్నా టైరొక్కటే పేలితే ఇవ్వరు. కారు కూడా దెబ్బతింటేనే, అదీ టైరు ఖరీదులో సగం వరకే. నాలుగేళ్ల క్రితం మా తమ్ముడి కారు వెనక టైరు చినకాకాని దగ్గర పేలింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. బంపర్ విరిగింది కాబట్టి టైరుకి సగం వచ్చింది. బండి లాక్కెళ్లిన ఖర్చు తనే పెట్టుకున్నాడు. ఓనర్-డ్రైవర్‌కి ఉండే 15 లక్షల ప్రమాద బీమా మీ ఒక్కరికే, వెనక సీట్లో కూర్చున్న మీ ఇంట్లోవాళ్లకి కాదు.

షాపుకి వెళ్లినప్పుడు బిగించక ముందే కొత్త టైర్ల మీద ఆ నాలుగంకెలు మీరే చదవండి. ఏడాది దాటిన స్టాకైతే వేరేవి అడగండి. డిక్కీలోని స్టెప్నీ ఎప్పుడూ వాడలేదని రాశారు కానీ, అది కారుతోపాటు వచ్చింది, ఈ నాలుగూ తర్వాత వేయించినవి, అంటే అది వీటి కన్నా పాతది. దాన్నీ కిందికి దించి చూపించండి.