ఒక యాప్ తుమ్మ అంటోంది, ఇంకోటి తంగేడంటోంది

ప్రశ్న: ఆస్ట్రేలియాలో ఉండే మా అబ్బాయి బ్రోకెన్ హిల్ దగ్గర తీసిన పొద ఫొటో వాట్సాప్‌లో పంపాడు. పసుపు పూలు, బూడిద రంగు సన్నటి ఆకులు. ఒక యాప్ తంగేడంటే ఇంకోటి తుమ్మ జాతి అంటోంది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందు ఆ ఫొటోను పక్కన పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన చోటు వివరాలూ ఎగిరిపోతాయి. ఐనాచురలిస్ట్ లాంటి యాప్ ఆకారంతో పాటు ఆ చుట్టుపక్కల ఏ మొక్కలు నమోదయ్యాయో కూడా చూసుకుంటుంది. చోటు తెలియకపోతే పోలికలను బట్టి ఊహించడమే. అసలు ఫైలును అటాచ్ గుర్తు నొక్కి ‘డాక్యుమెంట్’గా పంపమనండి. అబ్బాయే నేరుగా అప్‌లోడ్ చేస్తే ఇంకా మేలు.

ఇక పువ్వు. అయిదు రేకులు విడివిడిగా కనిపిస్తే సెన్నా, అంటే తంగేడు ప్రజాతే (దగ్గరి జాతుల గుంపు). రేకులు కనబడకుండా కేసరాలే గుండ్రంగానో కంకిగానో గుత్తికడితే తుమ్మ. కాయనుబట్టి తేల్చకండి, రెండింటికీ బల్లపరుపు కాయలుండొచ్చు. మన తంగేడుకు ఈనె పొడవునా వెడల్పాటి పచ్చని చిన్నాకులు 8–12 జతలుంటాయి. బ్రోకెన్ హిల్ వైపు పొడి నేలల్లో పెరిగేది సెన్నా ఆర్టెమిసియోయిడిస్. దాని ఫిలిఫోలియా ఉపజాతికి సన్నటి చిన్నాకులు కొద్ది జతలే. పెటియోలారిస్ ఉపజాతికైతే చిన్నాకులు దాదాపు ఉండవు, ఆకుకాడే చదునుగా సాగి ఆకు పని చేస్తుంది. ఆస్ట్రేలియా తుమ్మల్లో చాలావాటిదీ ఇదే పద్ధతి. యాప్ బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే.

అందుకని మళ్లీ తీసేటప్పుడు పొద మొత్తం, ఎదురుగా పువ్వు, మొదలు నుంచి కొస దాకా ఒక ఆకు, కొమ్మకు ఆకు అతుక్కున్న చోటు, ఈ నాలుగూ కావాలి. ఫోన్‌ను పువ్వుకు ఆనించినంత దగ్గరగా పెడితే ఫోకస్ కుదరదు. అడుగు దూరం జరిగి 2ఎక్స్ జూమ్ వాడాలి. సన్నటి ఆకులను వదిలి ఫోకస్ వెనక నేల మీదికి పోతుంటే ఆకు వెనక అరచెయ్యి పెట్టాలి. ఎండలో పసుపు రేకులు తెల్లబారతాయి కాబట్టి స్క్రీన్‌లో పువ్వు మీద తట్టి వెలుతురు తగ్గించాలి. సిగ్నల్ లేకున్నా పర్లేదు, కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే జీపీఎస్ పనిచేస్తుంది. అప్‌లోడ్ తర్వాత చేసుకోవచ్చు.

యాప్ చూపిన మొదటి పేరునే నొక్కేయకండి. అనుమానముంటే ‘సెన్నా’ అని ప్రజాతి వరకే పెట్టండి. ఐనాచురలిస్ట్‌లో కనీసం ఇద్దరు గుర్తించి, మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువమంది ఒకే జాతి పేరు చెబితేనే ‘రీసెర్చ్ గ్రేడ్’, అంటే నమ్మదగిన నమోదన్న గుర్తు వస్తుంది. ఉపజాతి దాకా మాత్రం పట్టుబట్టొద్దు. ఇవి ఒకదానితో ఒకటి సంకరమవుతాయి, రెండింటి లక్షణాలూ ఒకే పొదలో కనబడుతుంటాయి.